‘ప్రో-లైఫ్’ని తెలుగులో ఏమందాం? మతం ఊసెత్తని వాళ్ల విషయంలో ఒక సందేహం

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి.

అమెరికాలో ‘ప్రో-లైఫ్’ అని చెప్పుకుంటూ అబార్షన్‌ను వ్యతిరేకించేవాళ్లలో మతం మాట ఎత్తని వాళ్ల గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఈ ఉద్యమం అనగానే మనకు చర్చి, బైబిలు గుర్తొస్తాయి. ఎక్కువమంది అటువైపు వాళ్లే, నిజమే. కానీ 2009లో కెల్సీ హజార్డ్ మొదలుపెట్టిన సెక్యులర్ ప్రో-లైఫ్ అనే సంస్థ దేవుడి పేరు తీసుకోకుండానే వాదిస్తుంది. జాజ్ సంగీతం మీద, వాక్‌స్వాతంత్ర్యం మీద జీవితమంతా రాసిన నాట్ హెంటాఫ్ (1925–2017) యూదుడు, నాస్తికుడు, వామపక్షవాది. అబార్షన్‌ను మాత్రం గట్టిగా వ్యతిరేకించాడు. 1990లో స్వలింగ సంపర్కులు కొందరు తమకంటూ ఒక ప్రో-లైఫ్ సంఘం పెట్టుకున్నారు. 1972లో ఒహాయోలోని కొలంబస్‌లో ‘ఫెమినిస్ట్స్ ఫర్ లైఫ్’ను ఇద్దరు స్త్రీవాదులు స్థాపించారు. వాళ్లలో కేథరీన్ క్యాలహన్ భాషాశాస్త్రవేత్త అని తెలిసినప్పుడు నాకు భలే సంతోషమేసింది. కాలిఫోర్నియా ఆదివాసుల మీవాక్ భాషలకు నిఘంటువులు కూర్చినావిడ ఆమె.

నా ఇబ్బంది ఏమిటంటే, మొదట వీళ్లందరినీ ‘భ్రూణహత్యా వ్యతిరేకులు’ అని రాసేశాను. మర్నాడు చదువుకుంటే ఆ మాట గుచ్చుకుంది. ధర్మశాస్త్రాల్లో భ్రూణహత్య అంటే ఘోరపాపం. వీళ్లేమో పాపపుణ్యాల జోలికి పోకుండా జీవశాస్త్రం, మానవహక్కులు ఆధారంగా మాట్లాడతామంటున్నారు. వాళ్ల నోట్లో నేను పాపాన్ని కుక్కినట్టయింది. పైగా మన పత్రికల్లో భ్రూణహత్య అంటే కడుపులో ఆడపిల్లని తెలిసి చంపడం. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం వార్తలన్నీ ఆ మాటతోనే వచ్చాయి. అందుకని పాఠకుడు వేరే సంగతి అనుకునే ప్రమాదమూ ఉంది. మరి ఏం రాయను?

జవాబు (తెలుగు పండితుడిగా రిటైరయ్యాను):

నాయనా, మంచి పని చేశావు, ఆ మాట తీసెయ్. ‘భ్రూణ’ శబ్దం ఇంకా చిక్కైనది. నిఘంటువుల్లో దానికి గర్భస్థ శిశువు అనే కాదు, వేదం చదివిన బ్రాహ్మణుడు అనే అర్థం కూడా ఉంది. ‘భ్రూణఘ్నుడు’ అని పాతగ్రంథాల్లో కనిపించినప్పుడు ఇద్దరిలో ఎవరిని చంపినవాడో సందర్భాన్ని బట్టి చూసుకోవాలి. అంత బరువున్న మాట ఒహాయో స్త్రీవాదులకు ఎందుకు?

అయితే ‘గర్భస్రావ వ్యతిరేకులు’ అని మాత్రం రాయకు. పేపర్లలో అదే కనిపిస్తుంది గానీ తప్పు. స్రావం అంటే దానంతట అది జారిపోవడం. సుశ్రుతుడు నాలుగో నెల దాకా పోతే స్రావమన్నాడు, శరీరం గట్టిపడ్డాక అయిదారు నెలల్లో పోతే పాతమన్నాడు. రెంటిలోనూ ఎవరూ చేయించింది లేదు. బిడ్డ నిలవక ఏడ్చిన తల్లికీ, ఆలోచించుకుని ఆస్పత్రికి వెళ్లిన ఆమెకీ ఒకే మాట వాడటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. చేయించుకునేదానికి ‘గర్భవిచ్ఛిత్తి’ ఉంది. అబార్షన్‌ను కొన్ని షరతులతో అనుమతించిన మన 1971 చట్టం గురించి రాసేటప్పుడు వాడేదీ అదే.

మరో జవాబు (కరీంనగర్ నుంచి, కాన్పుల వార్డులో నర్సును):

అన్నా, మాస్టారు చెప్పిన మాటలు నా పేషెంట్లకు ఒక్కటీ తెలియదు. వాళ్ల మాటలు చెప్తాను. ‘నెల తప్పింది’, ‘కడుపులో నలుసు పడ్డది’, ‘కడుపు నిలవలేదు’, ‘కడుపు తీయించుకున్నది’. చివరి మాట చూడండి, అందులో బిడ్డ లేదు, పిండం లేదు, కడుపే ఉంది. అదే కావాలనుకున్న కాన్పయితే ఎనిమిదో వారం స్కానింగ్‌లోనే ‘బేబీ హార్ట్‌బీట్ బాగుందా’ అని అడుగుతారు. ఉన్నది ఒకటే. మనసు ఎటుంటే పేరు అటు మారుతుంది. ఎవర్నీ తప్పుబట్టను, రోజూ వినేది చెప్తున్నాను.

ఇంకొకటి. వయసులో ఉన్నవాళ్లు పోతే మా దగ్గర ‘ఎంత బతుకు బతకాల్సినోడు’ అని ఏడుస్తారు. ఏడు నెలలకు బిడ్డ పోయినప్పుడు కూడా అమ్మమ్మలు అదే మాట అంటారు.

మరో జవాబు:

అడిగిన పద్ధతి బాగుంది కానీ, ‘ప్రో-లైఫ్’ని మక్కీకి మక్కీ ‘ప్రాణపక్షం’ అని రాస్తారేమోనని నా భయం. అప్పుడు అవతలివాళ్లంతా ప్రాణానికి శత్రువులైపోతారు. 2012లో ఐర్లండ్‌లో మన దేశానికి చెందిన సవితా హలప్పనవర్ అనే గర్భిణి చనిపోయిన సంగతి గుర్తు చేసుకోండి. మాస్టారి మాటల్లోనే చెప్పాలంటే ఆమెకు అవుతున్నది గర్భస్రావం, ఆమె అడిగింది గర్భవిచ్ఛిత్తి. లోపల గుండె ఇంకా కొట్టుకుంటోందని చేయలేదు. ఆమెది ప్రాణం కాదా? 2018లో ఆ దేశ ప్రజలు ఓటేసి, అబార్షన్‌కు అడ్డుగా ఉన్న రాజ్యాంగ నిబంధననే తీసేశారు. ఒక పక్షం తనకు తాను పెట్టుకున్న పేరును మన భాషలో నిజం కింద ముద్ర వేయకండి, దయచేసి.

అడిగిన వ్యక్తి:

అందరికీ కృతజ్ఞతలు. చివరి మాట నన్ను రాత్రంతా ఆలోచనలో పడేసింది. నేను ఆ ఉద్యమం వైపు కొంత మొగ్గుతాను, దాచను. అయినా సవిత పేరు చదివాక ‘ప్రాణపక్షం’ అని సొంత వాక్యంలో రాయడానికి చెయ్యి రాలేదు. కాబట్టి నేను మాట్లాడే చోట ‘అబార్షన్ వ్యతిరేకులు’. అందరికీ అర్థమవుతుంది, ఎవరినీ పొగడదు. వాళ్లు తమ గురించి చెప్పుకునే చోట మాత్రం ‘ప్రో-లైఫ్’ అనే ఉంచి, ఒక్కసారి ‘ప్రాణపక్షం అని అర్థం’ అని వివరిస్తాను. అవతలివాళ్లకూ అంతే, వాళ్ల పేరు వాళ్ల నోటితోనే.

‘సెక్యులర్’కి ‘లౌకిక’ వేయడం లేదు. మన దగ్గర ఆ మాట పార్టీల రాజకీయంలో నలిగిపోయింది. ‘నాస్తిక’ కూడా కుదరదు, ఎందుకంటే ఆ సంస్థలో దేవుణ్ణి నమ్మేవాళ్లూ ఉన్నారు, వాదనలోకి మాత్రం దేవుణ్ణి తీసుకురారు. ‘మతం ప్రమేయం లేని’ అంటే సరిపోతుంది.

నర్సు అక్కా, మీరు రాసిన ఒక్క వాక్యంతో నాకు ఇంకో ముడి విడిపోయింది. డాన్ మార్క్విస్ అనే తత్వవేత్త 1989లో ఒక వాదన చేశాడు. మనిషిని చంపడం ఎందుకు తప్పు? అతని ముందున్న జీవితమంతా లాగేసుకుంటున్నాం కాబట్టి. అలాంటి జీవితం కడుపులో ఉన్నదానికీ ముందుంది కాబట్టి అదీ తప్పే అంటాడు. ఆ వాదనకు ఆత్మతో గానీ, దేవుడితో గానీ పని లేదు. ఆ ముందున్న జీవితాన్ని ‘మూల్యవంతమైన భవిష్యత్తు’ అని రాసుకుని విసుగెత్తి ఉన్నాను. ఇప్పుడు ‘బతకాల్సిన బతుకు’ అని మార్చాను. ఇంతకంటే సూటైన తెలుగు నాకు దొరకదు.

‘నలుసు’ కూడా వాడాలని ఎంతో ఆశపడ్డాను. కానీ అందులో అమ్మమ్మ ప్రేమ ముందే ఉంది, భ్రూణహత్యలో పాపం ముందే ఉన్నట్టు. వాదన జరిగే చోట పాఠ్యపుస్తకాల్లో ఉన్న ‘పిండం’ అనే రాస్తున్నాను.

వ్యాసంలో ఈ మాటలు వచ్చే రెండు పేరాలు సోమవారం ఇక్కడ పెడతాను. మాస్టారూ, స్రావం, పాతం గురించి రాసిన వాక్యం ఒక్కసారి చూసిపెట్టండి.