ఫొటోలకు మనం రాసే వివరాలు ఫైలులో ఉండాలా, డేటాబేసులో ఉండాలా?

అమలాపురం స్టూడియో: జగ్గన్నతోట తీర్థంలో 11 ప్రభలకూ ఏది ఏ ఊరిదో, మోసినవారెవరో నేను రాసుకున్నదంతా ఫొటోలను సర్దే సాఫ్ట్‌వేర్ తన డేటాబేసులోనే దాచుకుంటోంది. దానిని ఎక్స్‌ఎంపీ రూపంలో, అంటే ఫొటో వివరాలు రాసే ప్రామాణిక పద్ధతిలో, జేపెగ్ ఫొటో ఫైలులోనే రాయడం డిఫాల్ట్ కావాలి. 2016లో గూగుల్ తన ఫొటోల సాఫ్ట్‌వేర్ పికాసాను ఆపేసినా, జేపెగ్‌లోకి ఎక్కిన క్యాప్షన్లను ఇతర సాఫ్ట్‌వేర్లు చదవగలిగాయి.

పాలకొల్లు వాసి: అసలు ఫైలును ముట్టుకోకూడదండీ. ఒక్క అక్షరం చేర్చినా చెక్‌సమ్, అంటే ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య, మారి, బ్యాకప్‌లో ఆ ఫైలు మళ్లీ ఎక్కాల్సి వస్తుంది. ఫొటోలు సవరించే లైట్‌రూమ్ సైతం, కెమెరా కంపెనీల సొంత రా ఫైళ్ల (కెమెరా కుదించకుండా ఇచ్చే ముడి ఫొటోల) వివరాలను ఫైలుగా రాయమంటే పక్కన వేరే ఎక్స్‌ఎంపీ ఫైలులోనే రాస్తుంది.

రాజోలు: అయితే జేపెగ్‌కూ పక్క ఫైలు పెడితే సరిపోతుంది కదా.

అమలాపురం స్టూడియో: మా బావమరిది పెన్‌డ్రైవ్‌లోకి ఫొటోలను మాత్రమే ఎక్కించుకున్నాడు, పక్క ఫైళ్లు ఇక్కడే ఉండిపోయాయి. చెక్‌సమ్ మారితే ఏమిటి, పిక్సెళ్లు మారవు కదా!

పాలకొల్లు వాసి: మా నాన్నగారి హరికథల ఎంపీ3లకు పేర్లు రాస్తుండగా కరెంటు పోయి ఒక ఫైలు సగంలో తెగిపోయింది. ఎంపీ3లో పేరు, వివరాలు ఉండే ఐడీ3 రెండో వెర్షన్ ట్యాగు సాధారణంగా ఫైలు మొదట్లో ఉంటుంది కనుక, అక్కడ వదిలిన ఖాళీ చాలకపోతే ఫైలు మొత్తాన్ని తిరగరాయాలి. అది మీకు చిన్న విషయమేమో!

అమలాపురం స్టూడియో: ముందు తాత్కాలిక ప్రతి రాసి, సరిచూసి, ఆ తర్వాతే పాతదాని స్థానంలో పెట్టే పద్ధతి ఉండగా, ఒక పనికిమాలిన సాఫ్ట్‌వేర్ పాపాన్ని నా వాదనకు అంటగట్టకండి. మీ చెక్‌సమ్ గోల విని విని విసుగెత్తింది.

నరసాపురం: కోపాలెందుకండీ? వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు ఎలాగూ పోతాయి.

పాలకొల్లు వాసి: పోకపోవడమే నా బాధ. బంధువుల పెళ్లి ఫొటోలకు ఒక స్టూడియోవారు క్యాప్షన్లు రాస్తూ, మా అమ్మాయికి ఏ ఇంటి సంబంధం చూస్తున్నామో కూడా చేర్చారు. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారాయి. సంబంధం కుదరకముందే ఊరంతా పాకింది. డేటాబేసులో ఉంటే అది వారి కంప్యూటరు దాటేదే కాదు.

అమలాపురం స్టూడియో: ఇదా సంగతి! మొదటే చెప్పవలసింది. అయినా పేరు లేని ముఖం మనుమల కాలానికి ఎవరికి పనికొస్తుంది? పాత ఫొటోల వెనుక పెన్సిలుతో రాసేవారు కాదా?

పాలకొల్లు వాసి: ఆ రాత ఆ ఒక్క ప్రతితోనే ఉండేది. ఇది ప్రతి కాపీతోనూ వెళుతుంది.

రాజోలు: ఫొటోలు సర్దే డిజీకామ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో, ఫైలులోకి ఏవి రాయాలో క్యాప్షన్లకూ ముఖాల పేర్లకూ వేర్వేరుగా టిక్ పెట్టుకోవచ్చు.

పాలకొల్లు వాసి: ఆ టిక్ పెట్టే హక్కు ఎవరిది? తీసినవారిదా, ఫొటోలో ఉన్నవారిదా?

అమలాపురం స్టూడియో: తీసినవారిదే.

పాలకొల్లు వాసి: నేను ఒప్పుకోను.