దసరా సెలవుల్లో నాన్నగారితో స్పితి లోయకు: ఏ దారిన వెళ్లాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి):
మా నాన్నగారికి 64 ఏళ్లు. రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు, రోజూ తెల్లవారుజామున నాలుగు కిలోమీటర్లు నడుస్తారు. హిమాచల్‌లోని స్పితి లోయను, అందులో క్రీ.శ. 996లో వెలసిన తాబో బౌద్ధ విహారాన్ని చూడాలన్నది ఆయన చిరకాల కోరిక. దసరా సెలవుల్లో పది రోజులు వీలవుతుంది. మనాలి నుంచి ఒక్క రోజులో స్పితిలోని ముఖ్య పట్టణం కాజా చేరుస్తామని ఒక ట్రావెల్స్ వారు చెబుతున్నారు. సముద్రమట్టానికి మూడు నాలుగు వందల మీటర్లు కూడా దాటని ఊళ్లో పెరిగినవాళ్లం, అంత ఎత్తును తట్టుకోగలమా?

జవాబు (కర్నూలు నుంచి):
తట్టుకోగలరు, కానీ దయచేసి మనాలి మీదుగా వెళ్లకండి. మనాలి ఎత్తు సుమారు 2,000 మీటర్లు. అక్కడ బయలుదేరినవారు అదే రోజు 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ ఎక్కి దిగి, ఆ రాత్రికి 3,700 మీటర్ల దగ్గర ఉన్న కాజాలో పడుకోవాలి. మొదటిసారి నేను అలాగే వెళ్లి, రెండు రాత్రులు వాంతులతో, తలపోటుతో మంచం దిగలేకపోయాను. రెండోసారి షిమ్లా, కిన్నౌర్ జిల్లా మీదుగా వెళ్లినప్పుడు ఆ బాధే లేదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు. కిన్నౌర్‌లోని కల్పా సుమారు 2,900, తాబో 3,300, కాజా 3,700 మీటర్లు కాబట్టి ఆ దారిలో మజిలీలే ఆ లెక్కకు సరిపోతాయి. కల్పాలో రెండు రాత్రులు తప్పక ఉండండి. దారిలోని నాకో తాబో కంటే ఎత్తు కనుక చూసి సాగిపోండి, అక్కడ బస వద్దు. రైల్లో ఢిల్లీ వెళితే రానూపోనూ నాలుగు రోజులు అందులోనే పోతాయి. బెంగళూరు నుంచి చండీగఢ్‌కు విమానంలో వెళ్లినా, మొత్తం పన్నెండు రోజులు చేసుకోవడం మేలు.

జవాబు (కడప నుంచి, వైద్యుణ్ణి):
కాజాలో గాలి పీడనం సముద్రతీరంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది, అందువల్ల ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ తగ్గుతుంది. రోజూ నడిచే అలవాటు మంచిదే గానీ, దాన్ని నమ్ముకుని తొందరపడకూడదు. ఎత్తు జబ్బు దృఢమైన యువకులకూ వస్తుంది. మొదటి రోజుల్లో రక్తపోటు కొంత పెరగవచ్చు కాబట్టి నాన్నగారి మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు, కొలిచే యంత్రం వెంట ఉంచుకోవాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలనుకుంటే ముందుగా ఆయన డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివారికీ, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వేసుకునేవారికీ దాని విషయంలో జాగ్రత్త అవసరం. తలనొప్పి ఉన్నంతవరకు ఇంకా పైకి ఎక్కవద్దు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా, అర్ధరాత్రి అయినా సరే కిందికి దించండి.

జవాబు (గుంతకల్లు నుంచి):
దసరా సమయం మంచి ఎంపిక. జూలై, ఆగస్టుల్లో కిన్నౌర్ దారిలో కొండచరియలు విరిగిపడతాయి. స్పితి కూడా మన అనంతపురంలాగే వర్షచ్ఛాయ ప్రాంతం. కాకపోతే చలికి పెదవులు పగిలేంత పొడిగాలి, అక్టోబరు రాత్రుల్లో నీళ్లు గడ్డకడతాయి. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కనుక కుక్కరు లేనిదే అన్నం ఉడకదు. నాన్నగారికి శెనక్కాయల పొడి, బొరుగులు తీసుకెళ్లండి. నగదు కల్పా దగ్గరి రెకాంగ్ పియో పట్టణంలోనే తీసి పెట్టుకోండి.

మళ్లీ అనంతపురం నుంచి:
అందరికీ నమస్కారాలు. మనాలి మాట మానుకున్నాం. సెలవు రెండు రోజులు పెంచుకుని షిమ్లా మీదుగా వెళ్లి, అదే దారిన తిరిగి వస్తాం. ఇందుకోసం మనాలి దారిలో కుంజుమ్ దగ్గరుండే చంద్రతాల్ సరస్సు వదులుకుంటున్నాం. తాబోలో రెండు రాత్రులు ఉంటే చాలని నాన్నగారు అంటున్నారు. సోమవారం ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.