ఈసీజీ ఈరోజు నార్మల్ వస్తే పదేళ్ల దాకా భయం లేనట్టేనా?

తెనాలి తమ్ముడు

మా బావకి 44 ఏళ్లు. సంక్రాంతికి ముందు ఆఫీసులో అందరికీ హెల్త్ చెకప్ చేయించారు. ఈసీజీ కాగితం మీద ‘నార్మల్’ అని అచ్చయి వచ్చింది. మా అక్క ఆ ఫైలుకి పసుపు బొట్టు పెట్టి మరీ బీరువాలో దాచింది. ఏడు వారాల తర్వాత ఒక తెల్లవారుజామున బావ ఎడమ దవడ లాగుతోందని లేచాడు. గ్యాస్ అనుకుని మజ్జిగ తాగి పడుకున్నాడు. ఆసుపత్రికి చేరేసరికి ఒక పెద్ద రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. స్టెంట్ వేశారు, దేవుడి దయ వల్ల బతికాడు.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఈసీజీ శుద్ధ దండగ, దాన్ని నమ్మే మోసపోయాం అంటారు నాన్న. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఆరు నెలలకోసారి తీయించాల్సిందే అంటుంది అక్క. నొప్పీ ఆయాసమూ ఏమీ లేని మనిషికి ఈసీజీ తీస్తే, ఐదేళ్లకో పదేళ్లకో రాబోయే గుండె జబ్బు ముందే తెలుస్తుందా? ఏఐ చెప్పేస్తోందని వార్తల్లో చదివాను. తెలిసినవాళ్లు చెప్పండి.

వరంగల్ ఫిజీషియన్

తమ్ముడూ, మీ బావగారు గట్టెక్కారు, ముందు అది సంతోషం. ముప్పు తక్కువగా ఉండి ఏ లక్షణమూ లేని మనిషికి గుండె జబ్బు పసిగట్టడానికని ఈసీజీ తీయొద్దు అన్నది నా అభిప్రాయం. అమెరికాలో ముందుజాగ్రత్త పరీక్షల మీద సలహాలిచ్చే టాస్క్‌ఫోర్స్ కూడా 2018లో ఇదే చెప్పింది. ముప్పు ఒక మోస్తరుగా గానీ ఎక్కువగా గానీ ఉన్నవాళ్ల విషయంలో మాత్రం తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవంది.

ఈసీజీ చూసేది గుండె కండరంలో నడిచే కరెంటుని. నాళం గోడలో కొవ్వు పేరుకుంటున్నా, కండరానికి రక్తం తగ్గేదాకా ఆ కరెంటులో తేడా కనపడదు. నాళం నలభై శాతం పూడిన మనిషి హాయిగా మూడంతస్తులు ఎక్కుతాడు, ఈసీజీ శుభ్రంగా వస్తుంది. ఒకరోజు ఆ కొవ్వు మీది పొర చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, నిమిషాల్లో దారి మూసుకుపోతుంది. మీ బావగారికీ ఇలాగే జరిగి ఉండొచ్చు. చెకప్ రోజు ఈసీజీ అబద్ధం చెప్పలేదు. ఆ పది సెకన్లలో గుండె ఎలా కొట్టుకుందో చెప్పింది, అంతే.

పదేళ్ల సంగతి తెలియాలంటే బీపీ, షుగర్, కొలెస్టరాల్, సిగరెట్, నడుము కొలత చూడాలి, ఇంట్లో ఎవరికి ఏ వయసులో గుండెపోటు వచ్చిందో అడగాలి. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో జరిగింది. మొదటి గుండెపోటు ముప్పులో 90 శాతానికి పైగా తొమ్మిది మామూలు కారణాలతోనే లెక్క తేలింది. మన దక్షిణాసియా వాళ్లకి అది సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతావాళ్లకి 59 దగ్గర. బీరువాలో ఉన్న ఆ ఫైల్లో ఈసీజీ ఒక్కటే ఉండదు. రక్తంలో కొవ్వులు చెప్పే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు ఉంటుంది. తీసి ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్టరాల్, ఎంతుందో చూడండి.

కాకినాడ ఈసీజీ అక్క

డాక్టర్ గారూ, పదిహేడేళ్లుగా ఈసీజీలు తీస్తున్నాను. మీరు చెప్పింది కాదనను. కానీ ‘తీయొద్దు’ అనే మాట ఇక్కడ షుగర్ ఉన్నవాళ్లు కూడా తమకే అనుకుంటారు, నా భయం అది.

కంటి శుక్లం ఆపరేషన్‌కి ఫిట్‌నెస్ కావాలని ఒక పెద్దాయన వచ్చారు. పదేళ్లుగా షుగర్. ఛాతీ నొప్పి ఎప్పుడూ లేదన్నారు. కాగితం బయటికొస్తుంటేనే నా చెయ్యి ఆగిపోయింది. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో లోతుగా క్యూ గీతలు. అంటే గుండె కింది భాగానికి పాత దెబ్బ. గుచ్చి గుచ్చి అడిగితే, “రెండేళ్ల కింద రొయ్యల చెరువు గట్టు మీద చెమటలు పట్టి కూలబడ్డానమ్మా, వడదెబ్బ అనుకున్నాం” అన్నారు. ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తే నిజమేనని తేలింది. గుండెకి సంబంధించిన మాత్ర అప్పటిదాకా ఒక్కటి కూడా వేసుకోలేదాయన. ఆ ఈసీజీ దండగ ఎలా అవుతుంది?

డల్లాస్ నుంచి

అక్క చెప్పిన అనుభవానికి పెద్ద లెక్కే తోడుంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచి జనం గుండెల్ని వెంబడించి చూస్తున్నారు. రెండేళ్లకోసారి ఈసీజీ తీసేవాళ్లు. ముప్పై ఏళ్ల లెక్కలో, గుండెపోట్లలో నాలుగోవంతుకు పైగా ఆ ఈసీజీల వల్లే బయటపడ్డాయి. అప్పటిదాకా గుండెపోటని ఎవరూ గుర్తించలేదు. గుండెలో రక్తాన్ని ఒంటికి పంపే గది, ఎడమ జఠరిక, దాని కండరం మందమైనట్టు ఈసీజీలో కనపడితే ముందుముందు ముప్పు ఎక్కువని తేల్చిందీ అక్కడే.

నేను మెడికల్ డేటా మీద పనిచేస్తాను, అందుకే ఏఐ సంగతి కూడా చెప్తాను. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 2024లో ‘ఎయిర్’ అనే మోడల్‌ని ప్రచురించారు. 1.89 లక్షల మందికి చెందిన 11.6 లక్షల ఈసీజీలతో నేర్పించారు. పదేళ్లలో మరణం ముప్పుని అది 78 శాతం కచ్చితత్వంతో చెప్పింది. డాక్టర్ కంటికి నార్మల్‌గా ఉన్న గీతల్లో కూడా ఏదో చూస్తోంది. మేయో క్లినిక్ వాళ్ల మోడల్ గుండె పంపింగ్ తగ్గిందని చెప్పి, ఎకోలో బాగానే ఉన్నట్టు తేలినవాళ్లు ఉన్నారు. తర్వాతి ఏళ్లలో పంపింగ్ నిజంగా తగ్గే ముప్పు వాళ్లకి మిగతావాళ్ల కంటే నాలుగు రెట్లు ఉంది. మరి ఈసీజీ భవిష్యత్తు చెప్పదని ఎలా అంటాం?

వరంగల్ ఫిజీషియన్

ఆ 78 అంటే ఏమిటో ఇక్కడివాళ్లకి విడమరిచి చెప్పాలి. ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి ఎవరు ముందు పోతారని అడిగితే, వందలో 78 సార్లు సరిగ్గా చెప్తుందని. తమ్ముడి ఈసీజీ ఒక్కటీ చూసి ‘నీకు ఫలానా సంవత్సరం గుండెపోటు వస్తుంది’ అని చెప్పడం కాదు. వయసు, మగా ఆడా అన్నవి కూడా ఏఐ గీతల్లోంచే పట్టేస్తుంది. డెబ్భై ఏళ్లాయననీ నలభై ఏళ్లాయననీ నిలబెడితే మా అమ్మ కూడా సరిగ్గానే చెప్తుంది.

అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. ముందుముందు హార్ట్ ఫెయిల్యూర్ వస్తుందా అన్నదాంట్లో 79 శాతం దాకా వెళ్లింది. నాళాలు పూడుకుపోయే జబ్బులో 70 దగ్గరే ఆగింది. కండరం బలహీనపడుతుంటే కరెంటులో తెలుస్తుంది, నాళం గోడలో కొవ్వు అంతగా తెలియదు. తమ్ముడి ఇంట్లో భయం ఆ రెండోదాని గురించే కదా. పైగా ఆ మోడల్‌ని సరిచూసింది అమెరికా, బ్రెజిల్, బ్రిటన్ జనం మీద. మన గుంటూరు, వరంగల్ జనం అందులో లేరు.

విజయవాడ టీచరమ్మ

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నా సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నాకు 38. నడుము నొప్పికని వెళ్తే ప్యాకేజీలో ఈసీజీ కూడా కలిపేశారు. ‘గుండె ముందు భాగంలో పాత గుండెపోటు, ఎప్పటిదో తెలియదు’ అన్న అర్థం వచ్చేలా మిషనే అచ్చేసి ఇచ్చింది. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు, అనుమానంగా ఉందన్నారు. యాంజియో చేశారు. నాళాలు అద్దంలా ఉన్నాయన్నారు.

ఈలోగా ఐదు వారాలు. మా చిన్నదాన్ని ఎత్తుకోవాలంటే భయం. రాత్రి నిద్ర పడితే పొద్దున లేస్తానో లేదోనని మా ఆయన్ని కూడా మేలుకొని ఉండమనేదాన్ని. గాజులు తాకట్టు పెట్టి డబ్బు కట్టాం. నాకు షుగర్ లేదు, బీపీ లేదు, ఇంట్లో ఎవరికీ గుండె జబ్బు లేదు. డాక్టర్ గారు ‘తీయొద్దు’ అన్నది నాలాంటివాళ్ల కోసమే. 2021లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయినప్పుడు బెంగళూరులో గుండె పరీక్షలకి జనం బారులు తీరారు. అందులో నాలాగా ఎంతమంది నలిగిపోయారోనని ఇప్పుడనిపిస్తుంది.

కాకినాడ ఈసీజీ అక్క

అమ్మా, మీ విషయంలో ఏం జరిగిందో నేను చూడలేదు కానీ ఆడవాళ్ల విషయంలో ఇది నాకు బాగా తెలిసిన కథ. ఈసీజీకి ఛాతీ మీద అంటించే బుడ్డీల్లో ఒకటోదీ రెండోదీ నాలుగో పక్కటెముక సందులో ఉండాలి. మెడ కింది గుంట నుంచి కిందికి జరిగితే ఎముక మీద ఒక మిట్ట తగులుతుంది. దాని పక్కనుంచి రెండో సందు మొదలవుతుంది, అక్కడినుంచి వేలితో లెక్కపెట్టాలి. పేషెంటు సిగ్గుపడుతుంది, టెక్నీషియన్ మగాడైతే గబగబా పైపైన అంటించేస్తాడు. ఒక సందు పైకి జరిగితే చాలు, గీత పాత గుండెపోటులా పడొచ్చు. మిషన్ దాన్నే చదివి అచ్చేస్తుంది. ఇలాంటి అనుమానం వస్తే నేను బుడ్డీలన్నీ తీసి, జెల్లీ తుడిచి మళ్లీ తీస్తాను. ఆ అయిదు నిమిషాలు పెడితే చాలామందికి యాంజియో దాకా వెళ్లే పని ఉండదు.

డల్లాస్ తమ్ముడూ, మీ ఏఐకి వెళ్లేదీ మేము తీసిన ఈ గీతే కదా.

డల్లాస్ నుంచి

నిజమే అక్కా. బుడ్డీ తప్పు చోట పెడితే ఏఐ కూడా తప్పుదారే పడుతుంది. టీచర్ గారూ, మీరు పడ్డ బాధ చదివాక ‘అందరికీ తీయాలి’ అని నేను అనను. కానీ వేరే పనికని ఎలాగూ తీసిన ఈసీజీలు ఉంటాయిగా, వాటిని ఏఐ చదివితే నష్టమేంటి? మేయో వాళ్లు 22 వేలమందికి పైగా పేషెంట్ల మీద ట్రయల్ చేసి 2021లో ఫలితాలు ఇచ్చారు. మామూలుగా వెయ్యిమందిలో 16 మందికి పంపింగ్ తగ్గిన సంగతి బయటపడితే, ఏఐ తోడున్నప్పుడు 21 మందికి బయటపడింది. వాళ్లకి ఇవ్వడానికి మంచి మందులున్నాయి.

వరంగల్ ఫిజీషియన్

అక్కడ మీతో నాకు పేచీ లేదు, ఆ ట్రయల్ నాకూ నచ్చింది. కానీ కనిపెట్టడం వేరు, కాపాడటం వేరు. డెన్మార్క్‌లో 70 దాటిన ఆరువేల మందిని తీసుకుని, కొందరికి చర్మం కింద రికార్డర్ పెట్టి ఏళ్ల తరబడి గుండె లయని చూశారు. లయ తప్పినవాళ్లు మూడు రెట్లు దాకా ఎక్కువ దొరికారు, పక్షవాతం రాకుండా మందులూ మొదలుపెట్టారు. పక్షవాతం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గినట్టు తేలలేదు. పదేళ్ల జోస్యం చెప్పే ఏ పరీక్షనైనా నేను ఇదే అడుగుతాను.

అక్కా, షుగర్ గానీ బీపీ గానీ ఉన్నవాళ్లకి నేనూ ఒక ఈసీజీ తీయిస్తాను, మీ పెద్దాయన లాంటివాళ్లు నాకూ తగిలారు. నా గొడవంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఆరు నెలలకోసారి తీయడం గురించి. ఇంకో మాట: ఛాతీలో గానీ దవడలో గానీ పట్టేసినట్టుండి చెమటలు పడితే, నిన్నటి నార్మల్ ఈసీజీ చూసుకుని ఆగొద్దు. అప్పటికప్పుడు కొత్తది తీయించాలి.

కాకినాడ ఈసీజీ అక్క

తీసిన ఈసీజీకి జెరాక్స్ తీసి పెట్టుకోండి. అది వేడికి అచ్చయ్యే కాగితం, రెండు మూడేళ్లకి గీతలు వెలిసిపోతాయి. రేపు నొప్పితో వస్తే పక్కన పెట్టి పోల్చడానికి పాతది ఉంటే డాక్టరుకి చాలా సాయం.

తెనాలి తమ్ముడు

డాక్టర్ గారూ, రాత్రి ఫైలు తీయించాను. పైన ఈసీజీ, దాని కింద అదే పిన్నుకి గుచ్చి లిపిడ్ రిపోర్టు. ఎల్‌డీఎల్ 178. ఆ అంకె లావు అక్షరాల్లో అచ్చేసి పక్కన బాణం గుర్తు కూడా ఉంది. పై కాగితం మీద ‘నార్మల్’ చూసి ఎవరూ రెండో పేజీ తిప్పలేదు. బావ రోజుకి అరపెట్టె సిగరెట్లు కాల్చేవాడు, వాళ్ల నాన్నగారు 51కే గుండెపోటుతో పోయారు. ఈ రెండూ మాకు ముందే తెలిసినవే. అక్క ఆ పేజీ పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

నాకు 36. పొద్దున లిపిడ్ ప్రొఫైల్‌కి, షుగర్‌కి రక్తం ఇచ్చి వచ్చాను. బీపీ చూపించుకుంటే 138/90 ఉంది, వారం పాటు ఇంట్లో చూసి రాసుకుని రమ్మన్నారు. మా అక్క కోసం ఈసీజీ కూడా ఒకటి తీయించాను, నార్మల్ వచ్చింది. జెరాక్స్ తీసి ఫైల్లో అన్నిటికంటే కింద పెట్టాను. రిపోర్టు రేపు సాయంత్రం ఇస్తారు, అంకెలు ఇక్కడే పెడతాను.