కౌజు పిట్టల వీపు బోసిపోతోంది: లోపం దాణాలోనా, పోతులోనా?

బాల్కనీ గూడు (విజయవాడ)
అందరికీ నమస్కారం. మా ఫ్లాట్ బాల్కనీలో ఆరు కౌజు పిట్టలున్నాయి. నాలుగు పెట్టలు, రెండు పోతులు. ఫారాల్లో పెంచే జపనీస్ జాతే. పెట్టలకు మెడ వెనక, వీపు మీద ఈకలు పోయి ఎర్రగా చర్మం కనిపిస్తోంది. ఒకదానికి రెక్క ఈకల చివర్లు పాత చీపురులా చీలిపోయాయి. పోతులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. సజ్జలు, కొర్రలు, నూకలు, పాలకూర పెడతాను. గుడ్లకేం లోటు లేదు, రోజూ పెడుతున్నాయి. నీళ్ళలో విటమిన్ చుక్కలు కలిపితే తగ్గుతుందా?

ఖమ్మం ఫారం
చుక్కలతో అయ్యే పని కాదమ్మా. ఈక అంటే దాదాపు మొత్తం కెరాటిన్, అంటే ప్రొటీనే. అది తయారవ్వాలంటే మెథియోనిన్, సిస్టీన్ లాంటి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి. జింకు తగ్గినా ఈకలు చీలతాయి. మీ సజ్జల్లో ప్రొటీన్ 11 శాతం అటూఇటూ, నూకల్లో 8 ఉంటే గొప్ప. గుడ్లు పెట్టే కౌజుకు 20 శాతం ఉండాలి. పిల్లలప్పుడు 24. 200 గ్రాముల పిట్ట రోజూ 10 గ్రాముల గుడ్డు పెడుతోంది, అంటే ఒంటి బరువులో ఇరవయ్యో వంతు. ఆ సరుకంతా ఎక్కడి నుంచి రావాలి?

బ్రాయిలర్ ప్రీస్టార్టర్ క్రంబుల్స్ తెచ్చుకోండి, అంటే మాంసం కోళ్ళ పిల్లలకు మొదట్లో పెట్టే రవ్వ దాణా. ప్రొటీన్ 22-23 శాతం ఉంటుంది. దాంట్లో కాల్షియం చాలదు కాబట్టి ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి. గుడ్ల కోళ్ళకు పెట్టే పొడి దాణా, అదే లేయర్ మాష్, జోలికి పోవద్దు, ప్రొటీన్ 16-18 దగ్గరే ఆగిపోతుంది.

పావురాల మిద్దె
నాలుగు పెట్టలకు రెండు పోతులా? ముందు ఒకదాన్ని వేరు చేయండి.

డాబా తోట
ఏ ప్రశ్న అడిగినా కంపెనీ బస్తా కొనమనడమే ఇక్కడ జవాబు. పొలం గట్ల మీద తిరిగే పిట్టలకు ఎవరు పోశారండీ క్రంబుల్స్? గింజలు, గడ్డి విత్తనాలు తినే కదా బతుకుతున్నాయి? నేనూ ఒకసారి ఇలాంటి సలహా విని దాణా తెచ్చాను. బస్తా అడుగున బూజు. మంచి మంచి పిట్టలు పోయాయి. షాపుకి వెళ్ళి అడిగితే బిల్లు చూపించమన్నాడు. విడిగా కొన్న దాణాకి బిల్లెవరిస్తారు? అప్పటి నుంచి మా ఇంట్లో గింజలే, పిట్టలు బంగారంలా ఉన్నాయి.

ఖమ్మం ఫారం
మేడమ్, బూజు పట్టింది ఆ బస్తాకి. దానికి దాణాని తిట్టి ఏం లాభం? తేమ తగిలితే మీ సజ్జలకీ పడుతుంది. వేరుశనగ చెక్కకైతే ఇంకా త్వరగా.

ఇక పొలం గట్ల సంగతి. మనం పెంచేది మన పొలాల్లో పిట్ట కాదు. 1974లో కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రానికి తెచ్చి అభివృద్ధి చేసిన జాతి ఇది. అడవి కౌజు సీజన్‌లో ఓ పది గుడ్లు పెట్టి పొదుగుతుంది. ఇది ఏడాదికి 250 దాటిస్తుంది. రెండింటికీ ఒకే తిండి అంటే ఎట్లా? పైగా అడవిలో వాటి పిల్లలు పురుగులు ఏరుకుని తింటాయి, ఒట్టి గింజలతో పెరగవు.

రాత్రి బస్సు
మధ్యలో ఒక మాట. అడవి కౌజుల్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చదివేవాళ్ళు ఎవరైనా వలలు తీస్తారేమోనని చెబుతున్నా.

డాబా తోట
ఇందాక 20 అన్నారు, తర్వాత 24 అన్నారు, కొనమన్నది 22-23. ముందు మీరొక అంకె మీద నిలబడండి. బస్తా లేకుండా కూడా ప్రొటీన్ పెంచొచ్చు. నువ్వుల చెక్కలో మెథియోనిన్ బాగా ఉంటుంది. ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టొచ్చు. ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చేపల పొడి కలపొచ్చు. ఇవేవీ మీకు కనబడవు.

ఖమ్మం ఫారం
గుడ్లు పెట్టేవాటికి 20, పిల్లలకు 24. మొదటి పోస్టులోనే రాశాను, మళ్ళీ చదవండి. 22 ఉంటే నష్టమేమీ లేదు. నువ్వుల చెక్క మంచిదే, నేను కాదనలేదు. కానీ దాంట్లో లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ, దానికి తోడు సోయా చెక్క పడాలి. ఆ పాళ్ళన్నీ ఆరు పిట్టల కోసం ఎవరు తూస్తారు?

డాబా తోట
నేను తూస్తాను. అన్నం వండుకోవడానికి బియ్యం కొలుచుకోమా?

పావురాల మిద్దె
పోతుని వేరు చేశారా?

వెటర్నరీ ఫైనలియర్
అన్నా, మేడమ్, ఒక్క నిమిషం. ఈకలు ఎక్కడ పోయాయో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. మెడ వెనక, వీపు అంటే పోతు ముక్కుతో పట్టుకుని ఎక్కే చోటు. ఒక పోతుకు కనీసం మూడు పెట్టలు ఉండాలి, వీళ్ళ గూట్లో ఒక్కో పోతుకు రెండే ఉన్నాయి. తోక మొదట్లో పోతే తోటి పిట్టలు పొడుస్తున్నాయని అనుమానించాలి. రెక్కల చివర్లు చీలడం తిండి లోపం కావచ్చు, ఇరుకు గూట్లో తీగలకు రాసుకోవడం కావచ్చు. రాత్రి టార్చి వేసి గూటి సందులు చూడండి. ఎర్ర మైట్లు అనే సన్న పురుగులు పగలు నక్కి రాత్రి రక్తం తాగుతాయి. ఇసుక, కాస్త బూడిద కలిపిన తొట్టి పెట్టారా? రోజుకి ఎన్ని గంటల వెలుగు పడుతోంది?

బాల్కనీ గూడు (విజయవాడ)
మైట్లు కనబడలేదండీ. ఇసుక తొట్టి ఉంది. బల్బు రాత్రి పదకొండు దాకా ఉంచుతాం. 16 గంటల వెలుగుంటే గుడ్లు ఆగవని ఒక వీడియోలో చూశాను. చలికాలంలో కూడా ఆపలేదు.

వెటర్నరీ ఫైనలియర్
అదీ సంగతి. వాటికి ఏడాది పొడుగునా విశ్రాంతి లేదు. ఈకలు మార్చుకునే సమయమే దొరకలేదు.

ఖమ్మం ఫారం
బల్బు ఎందుకు తీయాలి? ఫారంలో అందరం 16 గంటలే ఇస్తాం. గుడ్లు పెట్టే పెట్టకు వీపు బోసిపోవడం మామూలే, దాన్నెవరూ చూడరు. పదో నెలకి గుడ్లు తగ్గితే ఆ బ్యాచ్ మాంసానికి ఇచ్చేసి కొత్తది దించుతాం. మీరూ అదే చేయండి, పిల్ల ధర ఎంతని.

బాల్కనీ గూడు (విజయవాడ)
ఏమన్నారు? మాంసానికా? వాటికి మా పాప పేర్లు పెట్టుకుందండీ. చింటూ, బుజ్జి అని పిలిస్తే గూటి తలుపు దగ్గరికి వస్తాయి. నేను వైద్యం అడిగితే మీరు ధర చెబుతున్నారు.

డాబా తోట
అయితే ఇంత సేపూ ఆ 20 శాతం లెక్క పిట్ట కోసం కాదన్నమాట, గుడ్డు కోసం. అదేదో మొదటే చెబితే నేనింత టైపు చేసేదాన్ని కాదు.

ఖమ్మం ఫారం
అవును, గుడ్డు కోసమే. దాచుకునేదేముంది? మూడు వేల పిట్టలు పెట్టుకుని, కరెంటు బిల్లు కట్టుకుని బతికేవాడిని. నాకు పేర్లు పెట్టే తీరిక లేదు. కానీ ఒకటి అడుగుతా. పేర్లు పెట్టింది మీరు. రోజూ గుడ్లు తీసుకుందీ, పదకొండు దాకా బల్బు వేసిందీ మీరే. నా దగ్గర పిట్టకి తిన్నంత దాణా ఉంది. మీ దగ్గర సజ్జల మీద గుడ్లు పెట్టిస్తున్నారు. ఒంట్లో ఉన్నది కరిగించి పెడుతోంది అది. ఎవరి పిట్ట సుఖంగా ఉన్నట్టు?

రాత్రి బస్సు
ఆయన మాట కటువే. కానీ ఆ ప్రశ్న తీసిపారేసేది కాదు.

డాబా తోట
కటువు కాదు, పొగరు. పదో నెలలో కత్తి పెట్టేవాడు సుఖం గురించి మాట్లాడుతున్నాడు.

వెటర్నరీ ఫైనలియర్
తిట్లు ఆపితే మిగతాది చెబుతాను. వెలుగు ఒక్కసారిగా ఆపొద్దు, వారానికి కొంత చొప్పున తగ్గించి పగటి వెలుగుకే వదిలేయండి. గుడ్లు తగ్గిపోతాయి, కొన్నాళ్ళు ఆగొచ్చు కూడా. పాత ఈకలు రాలి ముళ్ళ ఈకలు, అంటే ముళ్ళలా పొడుచుకొచ్చే కొత్త ఈకలు, వస్తాయి. సరిగ్గా అప్పుడే ప్రొటీన్ బాగా కావాలి, కాబట్టి దాణా విషయంలో ఖమ్మం అన్న చెప్పింది నిజమే. గుడ్డు పెట్టని పిట్టకు కూడా ఒట్టి సజ్జలు చాలవు. క్రంబుల్స్ ఇస్తారో నువ్వుల చెక్క, సోయా చెక్క కలుపుతారో మీ ఇష్టం. మార్పు మాత్రం వారం పట్టి చేయండి. ఊడిన చోట కొన్ని వారాల్లో కొత్త ఈక వస్తుంది. విరిగి మొదలు మిగిలిన చోట అది రాలేదాకా రాదు, అందుకని కంగారుపడి పీకొద్దు. చర్మం చిట్లి రక్తం కనిపిస్తే ఆ పెట్టని విడిగా ఉంచండి, లేకపోతే మిగతావి అక్కడే పొడుస్తాయి.

ఖమ్మం ఫారం
నా మాటే తిప్పి చెప్పాడు తమ్ముడు. సంతోషం.

బాల్కనీ గూడు (విజయవాడ)
బల్బు ఈ రోజు నుంచి పదింటికే ఆపుతున్నా, ఆ తర్వాత ఇంకా తగ్గిస్తాను. గుడ్లు లేకపోతే కొనుక్కుంటాం. క్రంబుల్స్ అరకిలో తెచ్చి చూస్తాను. ఖమ్మం వారికి దాణా వరకు థాంక్స్, మిగతాదానికి కాదు.

పావురాల మిద్దె
పోతుని వేరు చేశారా లేదా? మూడోసారి అడుగుతున్నా.

బాల్కనీ గూడు (విజయవాడ)
ఇంకా లేదండీ. తీసేయాల్సింది చింటూనే, పాప ఒప్పుకోవట్లేదు.