చర్చ: పేద బస్తీలకు సూక్ష్మ రుణాలు నిజంగా మేలు చేశాయా?

వేణుమాధవి: ఆస్తి హామీ లేదని బ్యాంకు గడప తొక్కనివ్వని ఆడవాళ్లను నమ్మి డబ్బిచ్చింది సూక్ష్మ రుణమే. బంగ్లాదేశ్‌లో 1983లో బ్యాంకుగా ఏర్పడిన గ్రామీణ బ్యాంకుకూ, దాన్ని స్థాపించిన యూనస్‌కూ 2006లో నోబెల్ శాంతి బహుమతి ఊరికే రాలేదు. నగరాల్లోని పేదలకు ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనిపించడం లేదు. కాదనేవారు కారణం చెప్పండి.

లెక్కలపుస్తకం: బహుమతి రుజువు కాదండీ. హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, సగం చోట్ల ముందుగా రుణ సంస్థ శాఖలు తెరిపించి, ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో బృందం రెండు వైపులనూ పోల్చి చూసింది. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. ఇంటి మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

వేణుమాధవి: సగమే చెప్పారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచారని అదే అధ్యయనం చెప్పింది. మా అమ్మ కుట్టుమిషను అలాంటి అప్పుతోనే వచ్చింది, నా చదువు దాని మీదే సాగింది. సగటు తీస్తే మేము కనిపించం.

కిటికీ: ఇంతకీ వడ్డీ ఎంతో ఎవరూ చెప్పడం లేదు.

లెక్కలపుస్తకం: చెబుతాను. ఏడాదికి 12 శాతం అనేవారు. మొత్తం అసలు మీద మొదటి రోజే వడ్డీ లెక్కగట్టి, 52 వారాల పాటు వాయిదాలు వసూలు చేసేవారు. వారం వారం అసలు తీరిపోతూనే ఉండేది, వడ్డీ మాత్రం తగ్గేది కాదు. తగ్గుతున్న బాకీ మీద లెక్కవేస్తే అది సుమారు 23 శాతం.

వేణుమాధవి: రోజువడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లి ఈ లెక్క అడగండి.

లెక్కలపుస్తకం: అతను అభివృద్ధి చేస్తున్నానని చెప్పుకోడు.

శేషు: వడ్డీ కన్నా ముఖ్యం మొదటి వాయిదా ఎప్పుడన్నది. కోల్‌కతాలో రెండు వారాలకు బదులు రెండు నెలల గడువిచ్చి చూశారు. వ్యాపారంలో పెట్టుబడి పెరిగింది, మూడేళ్ల తర్వాత లాభాలూ పెరిగాయి. ఎగవేతలు కూడా పెరిగాయి.

వేణుమాధవి: లెక్కలపుస్తకం గారూ, అప్పు కోసం ఒకరి ముందు నిలబడే అవసరం మీకెప్పుడైనా పడిందా? కడుపు నిండినవాళ్లు కూర్చుని పేదలకు అప్పు వద్దని తీర్మానిస్తున్నారు.

లెక్కలపుస్తకం: నా కడుపు సంగతి మీకెందుకు? మా అక్క అలా అప్పు తీసుకునే ఆడవాళ్ల జట్టులో ఉండేది, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. జట్టులో ఒకామె భర్త ఆసుపత్రి పాలై ఆ వారం వాయిదా కట్టలేకపోయింది. వసూలుకు వచ్చిన మనిషి పల్లెత్తు మాట అనలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డబ్బు పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు. అరిచింది ఇరుగుపొరుగు ఆడవాళ్లే. చివరికి మా అక్క కమ్మలు కుదువపెట్టి ఆమె వంతు కట్టింది. ఆ తర్వాత వాళ్లిద్దరికీ మాటల్లేవు. చెల్లింపులు బాగున్నాయని సంస్థ చూపించే శాతంలో ఆ కమ్మలు కూడా ఉన్నాయి.

పల్లవి_కె: మా వీధిలోనూ ఇదే జరిగింది.

వేణుమాధవి: అంటే మీ కోపం వడ్డీ మీద కాదు, జామీను మీద. ఇంతసేపు శాతాలు ఎందుకు లెక్కపెట్టారు? మా అమ్మకు ఆ పదిమంది ఆడవాళ్లు తప్ప జామీను నిలబడేవాళ్లు లేరు. జట్టు పూచీ తీసేస్తే ఆమెకు అప్పు ఎవరిస్తారు?

లెక్కలపుస్తకం: ఫిలిప్పీన్స్‌లో తీసేసి చూశారు. ఎవరి అప్పు వారిదే అని మార్చినా చెల్లింపులు తగ్గలేదు. ఇంకో మాట. బస్తీకి కావలసినవి తాగునీరు, మురుగు కాలువ, నిలకడగా దొరికే పని. అవి ప్రభుత్వం చేయాల్సినవి. ఆ బాధ్యతను ఆడవాళ్ల అప్పుగా మార్చి అభివృద్ధి అంటే నేను ఒప్పుకోను.

వేణుమాధవి: కాలువ అడగవద్దని నేను ఎక్కడ అన్నాను? అది వచ్చేదాకా అమ్మ ఇంటి అద్దె ఎలా కట్టాలి? దానికి మీ దగ్గర జవాబు లేదు.

శేషు: ఎవరి పూచీ వారిదే, మొదటి వాయిదాకు రెండు నెలల గడువు. ఈ రెండూ ఉంటే మీ ఇద్దరికీ సమ్మతమేనా?

లెక్కలపుస్తకం: అప్పుగా అయితే సమ్మతమే. అభివృద్ధి అనను.

వేణుమాధవి: గడువిస్తే ఎగవేతలు పెరిగాయని శేషు గారే రాశారు. ఆ నష్టం వడ్డీలో కలుపుతారు, అప్పుడు మళ్లీ మీరే శాతాలు పట్టుకొస్తారు. నష్టం ఎవరు భరించాలో ముందు చెప్పండి.

లెక్కలపుస్తకం: సంస్థ భరించాలి. లాభం దానిదైనప్పుడు నష్టం మా అక్కది ఎందుకవుతుంది?