అటక మీద దూలం కుంగింది, వాసాలు పుచ్చాయి: కప్పు విప్పకుండా బలపరచొచ్చా?

లంక_గాలి:

మాది అమలాపురం దగ్గర ఒక లంక ఊరు. అమ్మానాన్నలు అక్కడ పాత పెంకుటింట్లో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. దసరాకి వెళ్లినప్పుడు "అటక మీద పెద్ద గుండిగ ఉంది దించవే, పెళ్లివాళ్లు అడిగారు" అంది అమ్మ. నిచ్చెన వేసుకుని ఎక్కాను. పదేళ్లయి ఉంటుంది అటక ఎక్కి. గుండిగ సంగతి మర్చిపోయి, ఫోన్ టార్చి వేసుకుని కప్పునే చూస్తూ కూర్చున్నాను.

ఈ కప్పుకి ఒక కథ ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి పాత కప్పు మొత్తం లేచిపోయింది. గోడలు మాత్రం నిలబడ్డాయి. ఆ రోజుల్లో వడ్రంగి దొరకడమే కష్టం, కోసిన కలప దొరకడం ఇంకా కష్టం. తోటలో కొబ్బరి చెట్లన్నీ పడి ఉన్నాయి కదా, నాన్న వాటినే కోయించి వాసాలు వేయించారు. సంక్రాంతిలోగా ఇంట్లో పొయ్యి వెలగాలని తొందర. దొరికిన మేస్త్రి దొరికిన చెక్కతో కట్టేసి, ఇంకో ఇంటికి పరిగెత్తాడు. అతన్నీ తప్పు పట్టలేం.

ఇప్పుడు నేను చూసింది చెప్తాను. హాలు 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. మధ్యలో గోడ నుంచి గోడకి ఒక మద్ది దూలం. దాని నడిమధ్యలో నిలబెట్టిన పొట్టి గుంజ మీద కొప్పు (కప్పు శిఖరాన వాసాలు కలిసే దూలం) ఆనుతోంది. ఆ దూలం ఒకటే చెక్క కాదు! రెండు ముక్కల్ని సగం సగం చెక్కి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నాలుగు మేకులు కొట్టి, ఇనప బద్ది చుట్టారు. అతుకు సరిగ్గా గుంజ కిందే ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకి దారం కట్టి చూస్తే మధ్యలో రెండున్నర అంగుళాలు దిగింది. వాసాల్లో మూడిట్లో బాల్‌పెన్ను మూత దాకా దూరిపోయింది, పిండిలా రాలుతోంది. వాసాల కాళ్లు గోడ మీద ఊరికే కూర్చున్నాయి, ఒక్కో దానికి ఒక్కో మేకు. చూరు కింద గోడ పైభాగంలో అడ్డంగా పగులు కూడా ఉంది.

నాన్నకి చెప్తే "ఇన్నేళ్లు ఆగింది, ఇంకా ఆగుతుందిలే" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కప్పంతా విప్పకుండా దారి ఉందా?

నేలబావి:

ఎందుకండీ ఈ టెన్షన్. కప్పు పీకించి స్లాబ్ వేసేయండి. మా మేనమామ వాళ్లు అలాగే చేశారు. ఏసీ కూడా పెట్టుకోవచ్చు.

గుండు_దారం:

రాజమండ్రిలో సివిల్ పనులు చూస్తుంటాను. ముందు స్లాబ్ మాట. ఐదంగుళాల స్లాబ్ చదరపు మీటరుకి 300 కిలోల పైమాటే. మంగుళూరు పెంకు ఒక్కోటి రెండు, రెండున్నర కిలోలు, చదరపు మీటరుకి దాదాపు 15 పెంకులు. వాసాలు, రీపర్లు కలిపినా స్లాబ్‌లో నాలుగోవంతు దాటదు. లంకల్లో పాత ఇళ్ల గోడలు చాలావరకు మట్టితోనో సున్నంతోనో కట్టినవి. పునాది ఎంత లోతుందో తెలియకుండా వాటి మీద స్లాబ్ పెడితే కప్పు జబ్బు గోడకి అంటుకుంటుంది.

ఇక మీ దూలం. వంగే దూలానికి నడిమధ్యలోనే ఎక్కువ భారం పడుతుంది. అతుకు అసలు పెట్టకూడని చోటు అది, వాళ్లు అక్కడే పెట్టారు. గోడ పగులుకీ దానికీ సంబంధం ఉంది. కొప్పు గట్టిగా నిలబడినంత కాలం వాసాలు దానికి వేలాడుతూ ఉంటాయి, గోడల్ని తొయ్యవు. దూలం కుంగింది కాబట్టి గుంజ దిగింది, దాంతో కొప్పూ దిగింది. వాసాల కాళ్లు బయటికి జారుతూ గోడల్ని తోస్తున్నాయి. మొత్తం ఒకటే రోగం.

ఒక మాట అడుగుతాను. అటక మీద ఏం పెడుతున్నారు?

లంక_గాలి:

అడగాల్సిందే అడిగారు. కురిడీలు. ప్రతి ఏడూ కాయలు అటక మీద పోసి, ఎండి కురిడీ అయ్యాక అంబాజీపేటకి పంపుతారు. వెయ్యి పైనే ఉంటాయి. అటక చెక్కలు ఆనేది కూడా ఆ దూలం మీదే.

గుండు_దారం:

దొరికింది! కాయ కిలో వేసుకున్నా వెయ్యి కాయలంటే టన్ను. మీ కప్పు బరువులో ఆ దూలం మీదకి వచ్చేది అంతలో సగం ఉంటుందేమో. ముందు కాయలు దించండి, ఈ వారమే. మిగతా పని తర్వాత.

ఆ తర్వాత దూలానికి రెండు పక్కలా ఐదంగుళాల ఇనప ఛానళ్లు (సి ఆకారపు కమ్మీలు), గోడ నుంచి గోడ దాకా. అతుకు దగ్గర మాత్రమే ముక్కలు వేసి ఊరుకోవద్దు. ఛానల్ రెండు చివర్లూ గోడలోకి వెళ్లి రాతి దిమ్మె మీద కూర్చోవాలి. 12 ఎంఎం బోల్టులు దూలాన్ని, ఛానళ్లని కలిపి ఆరపారా వెయ్యాలి. అతుకు దగ్గర దగ్గరగా, చివర్లకి వెళ్లేకొద్దీ దూరంగా. చెక్క చివరకి నాలుగంగుళాల లోపల బోల్టు వద్దు, చీలుతుంది. అన్నీ ఒకే గీత మీద కాకుండా పైకీ కిందికీ మార్చి వెయ్యండి. ఒక్కో ఛానల్ 60 కిలోలు ఉంటుంది, నిచ్చెన మీద ఎక్కదు. చూరు వైపు రెండు వరసల పెంకులు తీసి అటు నుంచి లోపలికి ఇవ్వండి. కన్నాలు డ్రిల్లుతోనే వెయ్యాలి. అటక మీద వెల్డింగ్ అన్నవాడిని గుమ్మం దగ్గరే ఆపండి, కొబ్బరి పీచుకి నిప్పురవ్వ ఒక్కటి చాలు. ఇవి నేను చూడకుండా చెప్తున్న కొలతలు. ఛానల్ కొనేముందు మీ దగ్గర ఇంజనీరుని అటక ఎక్కించండి.

చిత్రిక:

ఆయ్, నమస్తేనండీ. పాలకొల్లు వైపు వడ్రంగి పని చేస్తాను, ఇది మా తాతల నాటి పని. అయ్యగారు ఇనుము సంగతి చెప్పారు, నేను చెక్క సంగతి చెప్తాను.

కొబ్బరికి టేకులాగా లోపల చేవ ఉండదండీ. దాని బలమంతా బెరడు వైపు, నల్ల పీచు దట్టంగా ఉన్న చోట. నడుమంతా మెత్తన. ఆ రోజుల్లో తొందర్లో మెత్తదీ గట్టిదీ కలిపి కోసేసి ఉంటారు. మీ పెన్ను దూరిన వాసాలు ఆ మెత్త పక్కవే. వాటిని తీసేయక్కర్లేదు, పక్కనే కొత్త వాసం వేసి బోల్టుతో బిగించండి. వాషరు రెండంగుళాల చదరపుది పెట్టాలి, చిన్నదైతే కొబ్బరిలోకి దిగిపోద్ది. కొత్త చెక్క ఆరిందే కొనండి. పచ్చిది వేస్తే ఆరేకొద్దీ సన్నబడి నట్లు వదులవుతాయి. ఎలా వేసినా ఆర్నెల్లకోసారి బిగించాల్సిందే.

దూలం లేపడం గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడే కొంపలు మునిగేది. కాయలు దించాక, కొప్పుకి రెండు పక్కలా పెంకులు కూడా కొన్ని తీసి బరువు తగ్గించండి. కింద నేల మీద మందపాటి పలక వేసి, దాని మీద సరుగుడు బాదు, పైన మర జాకీ. లారీ నూనె జాకీ మీద రాత్రి వదిలేసి పడుకోకండి, అది తెల్లారేసరికి దిగుతుంది. రోజుకి ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చప్పుడు వినాలండీ. టిక్ మంటే పర్లేదు, ఫట్ మంటే ఆపేయాలి. రెండున్నర అంగుళాలూ లేపుదామని పట్టుపట్టొద్దు. అన్నేళ్లు వంగిన చెక్క వంకరకే అలవాటు పడుంటది. అంగుళం, అంగుళన్నర వస్తే చాలు.

వాసాల కాళ్లకి కూడా ఇనప బద్దీ వేసి గోడకి కట్టేయండి. మీ ఇల్లు చూసిందే కదా, గాలికి కప్పు కిందకి పడదు, పైకి లేస్తుంది. చూరు ఎంత పొడుగుంటే గాలికి అంత పట్టు.

లంక_గాలి:

రెండు నెలలైంది, రాయకపోతే తప్పు అనిపించింది.

కాయలు దించడానికే రెండు రోజులు పట్టింది. లెక్కపెడితే 1,340. నాన్న ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. కొన్న కాయలు కూడా కలిపి పోస్తున్నారని నాకు అప్పుడే తెలిసింది.

అమలాపురం నుంచి ఇంజనీరు వచ్చి, టార్చి వేసి, ఛానల్ సైజు గుండు_దారం గారు చెప్పిందే రాశాడు. మర జాకీ అద్దెకి తెచ్చాం. పొద్దున్న కాఫీ తాగాక పావు తిప్పు, అంతే. మూడో రోజు ఫట్ మంది. నా గుండె ఆగినంత పనైంది. చూస్తే చుట్టిన ఇనప బద్ది మేకు ఒకటి ఊడి ఎగిరిపోయింది, దూలానికి ఏమీ కాలేదు. అయినా చిత్రిక గారి మాట ప్రకారం ఒక రోజు ఆపాం. పదకొండు రోజుల్లో అంగుళంబావు వచ్చింది. ఆపేశాం.

ఛానళ్లకి రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేయించాం, ఉప్పుగాలి కదా. వాటిని ఎక్కించడానికి నలుగురు కావాల్సొచ్చింది, పెంకులు తొమ్మిది పగిలాయి. దూలానికి బోల్టు కన్నం వేస్తుంటే ఎర్రటి పొట్టు రాలింది. మద్ది ఇంకా గట్టిగానే ఉంది. అతుకు దగ్గర మాత్రం మేకుల చుట్టూ నల్లగా మారిపోయింది. ఆరు వాసాలకి జోడు వేశాం. గోడ పగులు మీద కాగితం ముక్క అంటించి తారీకు రాశాను. ఇప్పటిదాకా చిరగలేదు.

ఖర్చు అడుగుతారని చెప్తున్నా, స్లాబ్‌కి చెప్పిన దాంట్లో అయిదో వంతు కూడా కాలేదు.

కురిడీల గొడవ ఇంకా తేలలేదు. వసారాలో వెదురు తడక మీద పోద్దామంటే, అటక మీద ఆరినట్టు ఆరవంటారు నాన్న. అటక మీద నాలుగొందల కాయలకి ఒప్పందం కుదిరింది, అదీ గోడల పక్కనే, నడుమ కాదు. దూలానికి నేను కట్టిన దారం ఇంకా తీయలేదు. రోజూ ఫోన్ చేసి అడగక్కర్లేకుండా ఆయనే చెప్తున్నారు, "దారం దూరం అంతే ఉంది, నీకెందుకే" అని.