తూర్పు తీరాన్ని అంటార్కిటికాకు ఎలా అతికించాలి?

నమస్తే అండీ. తిరుపతిలో జియాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్‌జైటు కూర్చున్న ఆ అసంగతి రేఖను, అంటే మధ్యలో కోట్ల ఏళ్ల చరిత్ర మాయమైన హద్దును, చూశాకే ఈ పిచ్చి పట్టింది. (కొండకు వెళ్లేవాళ్లలో ఎంతమంది దాన్ని గమనిస్తారో!)

ఒకప్పుడు ఇండియా, అంటార్కిటికా అతుక్కుని ఉండేవి కదా. ప్రాజెక్టు కోసం జీప్లేట్స్‌లో (ఖండాల కదలికను వెనక్కి నడిపి చూపే సాఫ్ట్‌వేర్) ఇండియాను 13 కోట్ల ఏళ్లు వెనక్కి తిప్పి, అంటార్కిటికా పక్కన పెట్టాలి. ఇప్పటి తీరరేఖలు కలిపితే ఒకచోట ఖాళీ, ఇంకోచోట ఒకదానిమీద ఒకటి ఎక్కేస్తోంది. తీరరేఖ కాదు, ఖండపు భూపటలం ఆగి సముద్రపు భూపటలం మొదలయ్యే అంచు తీసుకోవాలని తెలుసు. కానీ విడిపోయేటప్పుడు సాగి పలచబడ్డ భాగాన్ని ఎంత కుదించాలి? బంగాళాఖాతంలో హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన మట్టి కిలోమీటర్ల మందాన ఉంది, కింద అయస్కాంత చారలు (సముద్రపు అడుగు ఎప్పుడు ఏర్పడిందో చెప్పే గుర్తులు) సరిగా కనబడవు. అందుకే అసలు టెన్షన్.

మహానది గ్రాబెన్‌ను (పగుళ్ల మధ్య కిందికి కుంగిన పొడవాటి లోయ) అంటార్కిటికాలోని లాంబర్ట్ గ్రాబెన్‌కు ఎదురుగా పెట్టి, అక్కడినుంచి ఆయిలర్ ధ్రువం (గోళం మీద పలక ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో అది) సరిచేసుకుంటే తప్పా? తూర్పు కనుమల రాళ్లకూ అంటార్కిటికాలోని ఎండర్‌బీ ల్యాండ్ వైపు రాళ్లకూ ఉన్న పోలికను ఆధారంగా వాడొచ్చా? ఈ పని చేసినవాళ్లెవరైనా ఉంటే, ఏది ముందు బిగించారో చెప్పండి.